పాత వాహనముల మార్పిడి ప్రోత్సాహకము

పాత వాహనమును తుక్కుకు అప్పగించి కొత్తది కొనేవారికి ప్రభుత్వము ఇచ్చే నగదును లేదా పన్ను రాయితీని పాత వాహనముల మార్పిడి ప్రోత్సాహకము అంటారు. మాంద్య కాలములో కార్ల గిరాకీని పెంచడము, కాలుష్యమును తగ్గించడము దీని ముఖ్యోద్దేశములు. ఇది ఆర్థిక వ్యవస్థకు ఎంతవరకు ఊతమిస్తుందనే విషయముపై భిన్నాభిప్రాయములున్నాయి.

విదేశములలో

2009లో జర్మనీ, తొమ్మిదేళ్ళు దాటిన కారును తుక్కు చేయించి కొత్తది కొన్నవారికి 2,500 యూరోలు ఇచ్చింది. ఇందుకు 500 కోట్ల యూరోలు కేటాయించింది. అదే సంవత్సరము అమెరికా ఒక్కొక్క కారుకు 3,500 లేదా 4,500 డాలర్లు ఇచ్చింది. 300 కోట్ల డాలర్ల ఆ పథకములో జులై, ఆగస్టు నెలలలోనే సుమారు 6.8 లక్షల కార్లు అమ్ముడయ్యాయి. పాత కార్లు మళ్ళీ రోడ్డెక్కకుండా వాటి ఇంజన్లలో సోడియం సిలికేట్ ద్రావణము పోసి పాడుచేశారు.

వాదోపవాదములు

కర్మాగారములు మూతపడకుండా, కార్మికులు పని కోల్పోకుండా ఈ పథకములు కాపాడుతాయని సమర్థకుల వాదన. కొద్ది నెలల తరువాత కొనవలసినవారే ముందుగా కొంటారు కాబట్టి, పెరిగిన అమ్మకములు ఆ తరువాత తగ్గుతాయని విమర్శకులు అంటారు. అమెరికా పథకమును పరిశీలించిన ఆర్థికవేత్తలు ఆతిఫ్ మియాన్, అమీర్ సూఫీ ఈ రెండవ అభిప్రాయమునే బలపరిచారు. పనికివచ్చే పాత కార్లను నాశనము చేయడము వలన, అవి మాత్రమే కొనగల పేదలు నష్టపోతారన్నది మరొక విమర్శ.

భారతదేశములో

వాహన తుక్కు విధానము 2021 ఆగస్టు 13న ప్రారంభమైంది. ఇందులో కేంద్రము నేరుగా నగదు ఇవ్వదు. పాత వాహనమును అప్పగించినవారికి ధ్రువపత్రము లభిస్తుంది. దానితో కొత్త వాహనము కొంటే రిజిస్ట్రేషన్ రుసుము మినహాయింపు ఉంటుంది. రాష్ట్రములు సొంత వాహనములకు 25 శాతము వరకు, రవాణా వాహనములకు 15 శాతము వరకు పన్ను రాయితీ ఇవ్వవచ్చును. దీనికి భిన్నముగా, 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న కార్లపై జీఎస్‌టీని 28 నుండి 18 శాతమునకు తగ్గించారు. దీనికి పాత కారు అప్పగించనవసరము లేదు.

పెనుకొండ ప్రాంతము

శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ మండలము ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారమున్నది. 2017లో ఒప్పందము కుదరగా, 2019లో ఉత్పత్తి మొదలైంది. దీని వార్షిక సామర్థ్యము మొదట 3 లక్షల కార్లు. కరవు సీమలో వ్యవసాయేతర ఉపాధికి ఇది పెద్ద ఆధారము కనుక, కార్ల గిరాకీలోని హెచ్చుతగ్గులు పెనుకొండ, హిందూపురము ప్రాంతములకు నేరుగా తగులుతాయి. అయితే, కారు కొనుగోలు కోసము కుటుంబములు ఇతర ఖర్చులు తగ్గించుకుంటే, ధర్మవరము పట్టుచీరల వంటి వస్తువుల గిరాకీ తగ్గవచ్చును. కావున ప్రోత్సాహకము ఫలితమును కార్ల అమ్మకములతోనే కాక, మొత్తము ఉపాధితో కొలవవలసి ఉంటుంది.