మిలెటస్: రేవు పూడిన నగర చరిత్ర

మిలెటస్ పతనాన్ని క్రీ.పూ. 494తో ముడిపెట్టడం గ్రీకు చరిత్ర రచనలో పరిపాటి. ఆ ఏట పారశీక సేనలు నగరాన్ని జయించి దగ్ధం చేసిన మాట వాస్తవమే. కాని నగరం మళ్లీ లేచింది. ఆ తరువాత వెయ్యేళ్లకు పైగా జీవించింది. రేవుపట్టణంగా దానిని అంతమొందించినది మియాండర్ నది మోసుకొచ్చిన ఒండ్రు. ఈ రెండో కథ మరుగున పడడానికి కారణం ఆధారాల కొరత అనలేము. ప్రాచీన రచయితలే దానిని చూశారు, నమోదు చేశారు.

నేటి తుర్కియే పశ్చిమ తీరాన, అయోనియా ప్రాంతపు దక్షిణ భాగంలో, సముద్రంలోకి చొచ్చుకొనిపోయిన భూశిరంపై మిలెటస్ వెలసింది. (సంస్కృతాంధ్ర వాఙ్మయాల్లోని ‘యవన’ శబ్దానికి మూలం ఈ అయోనియా పేరే.) దాని పక్కన లాట్మస్ అఖాతం తూర్పుగా చాలా దూరం లోపలికి వ్యాపించి ఉండేది. అఖాతపు ఉత్తరాన ప్రియేనె, లోపలి వైపు మ్యూస్, తూర్పు కొసన హెరాక్లియా నగరాలుండేవి. పడమట లాడె దీవి. నగరానికి నాలుగు రేవులున్నాయనీ, వాటిలో ఒకటి నౌకాదళానికి సరిపడేంతటిదనీ స్ట్రాబో రాశాడు. ఈ రేవుల నుంచే సినోప్, ఓల్బియా, ఇస్ట్రోస్ వంటి నల్లసముద్ర తీరపు వలస నగరాలకు జనం తరలివెళ్లారు. అట్టి వలస నగరాలు 90కి పైగా ఉన్నాయని ప్లినీ లెక్క. థేలీస్, అనాక్సిమాండర్, హెకాటియస్‌లు ఈ నగరవాసులే.

క్రీ.పూ. 499లో పారశీక సామ్రాజ్యంపై అయోనియా తిరుగుబాటుకు మిలెటస్ నాయకత్వం వహించింది. లాడె వద్ద జరిగిన నౌకాయుద్ధంలో 353 గ్రీకు నౌకలు పాల్గొన్నాయనీ, వాటిలో 80 మిలెటస్‌వేననీ హెరొడోటస్ చెబుతాడు. సామోస్ నావికులలో అధికులు యుద్ధం మధ్యలో వెనుదిరగడంతో ఓటమి ఖాయమైంది. ఫ్రినికస్ ఈ విషాదాన్ని నాటకంగా ఏథెన్స్‌లో ప్రదర్శించినప్పుడు ప్రేక్షకులు విలపించారు. స్వజనుల కష్టాన్ని గుర్తుచేసినందుకు నగరం అతనికి 1000 డ్రాక్మాల జరిమానా విధించి, ఆ నాటకాన్ని మళ్లీ ఆడరాదని శాసించింది. నాటకం నేడు అలభ్యం. నిషేధపు వృత్తాంతం మాత్రం హెరొడోటస్ ద్వారా నిలిచి, 494ను చెరగని తేదీగా మార్చింది.

ఒండ్రుకు అలాంటి తేదీ లేదు. దాని గతిని గ్రహించడానికి మ్యూస్ మంచి సాక్ష్యం. తిరుగుబాటు ఆరంభంలో, నాక్సోస్ దండయాత్ర నుంచి మరలిన నౌకాదళం అక్కడ లంగరు వేసింది. స్ట్రాబో కాలానికి ఆ ఊరికి చేరాలంటే చిన్న పడవలే గతి. జనం తగ్గిపోయి ఊరు మిలెటస్‌లో విలీనమైంది. క్రీ.శ. రెండో శతాబ్దిలో పౌసానియస్ అసలు కారణం చెప్పాడు: నది అఖాతపు ముఖాన్ని మూసివేయగా నీరు మంచినీటి మడుగైంది, దోమలు విజృంభించాయి, ప్రజలు దేవతావిగ్రహాలతో సహా మిలెటస్‌కు వలసపోయారు. ఫ్రిజియా, కారియా నేలలను ఏటేటా దున్నడం వల్లనే మియాండర్ ఇంత మట్టిని తెస్తున్నదని కూడా ఆయన రాశాడు. ఎగువ సేద్యానికీ దిగువ మేటకూ గల సంబంధాన్ని అంత స్పష్టంగా గుర్తించడం ఆశ్చర్యకరం. గట్లు కోసి పొలాల హద్దులు మార్చినందుకు ఈ నదిపై వ్యాజ్యాలు వేసేవారనీ, నేరం రుజువైతే రేవు దాటింపు రుసుముల నుంచి జరిమానా చెల్లించేవారనీ స్ట్రాబో చెప్పిన ముచ్చట ఇక్కడ స్మరణీయం.

పొరుగూరి శరణార్థులకు ఆశ్రయమిచ్చిన మిలెటస్‌కూ అదే గతి పట్టింది, కాకపోతే ఆలస్యంగా. మధ్యయుగాల్లో పలాటియా పేరుతో అది ఇంకా వర్తకస్థానమే. వెనీసు వ్యాపారులు వచ్చేవారు. 1404లో మెంతెషె పాలకుడు ఇలియాస్ బేయ్ అక్కడ మసీదు కట్టించాడు. ఆపై నగరం క్షీణించింది. నేడు సముద్రం అక్కడికి అనేక కిలోమీటర్ల దూరంలో ఉంది. అఖాతపు తూర్పు కొస బఫా సరస్సుగా మిగిలింది. ప్రధాన రేవు ముఖద్వారాన కాపలా ఉన్న రెండు పాలరాతి సింహాలు బురదలో ఉన్నాయి. 353 నౌకలు మోహరించిన లాడె దీవి పొలాల మధ్య ఒక చిన్న గుట్ట.