తొక్కుడు బండికి విద్యుత్తు తోడు

వెనుకకు ఒరిగి కూర్చుని, కాళ్లు ముందుకు చాచి తొక్కే సైకిలు మన కరీంనగరు, ఆదిలాబాదు వీధులలో అరుదు. ఫ్రాన్సులో 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ అట్టి బండిపై గంటలో 45.055 కిలోమీటర్లు సాగి, 1914 నాటి రికార్డును అధిగమించాడు. మరుసటి ఏడే అంతర్జాతీయ సైక్లింగు సంఘం ఆ ఆకృతిని పోటీలనుండి వెలివేసింది.

1985 జనవరిలో బ్రిటనులో క్లైవ్ సింక్లేర్ అదే భంగిమలో నడిచే మూడు చక్రాల 'సి5'ను 250 వాట్ల మోటారుతో విడుదల చేశాడు. ఎత్తైన దారులలో మోటారు చాలక కాళ్లకు పని పడేది. లారీల నడుమ అంత కిందుగా కూర్చోవడానికి జనం జంకారు. ఆగస్టులోనే తయారీ ఆగింది.

మన జిల్లాలకు ఈ ఊహ వేరొక దారిన వచ్చింది. దివ్యాంగులు చేతులతో తిప్పుకునే ట్రైసైకిలు మనమెరిగినదే. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ వంటి ఎత్తు ఎదురైతే ఆ భుజాల గతి ఏమి? కేంద్రప్రభుత్వ అడిప్ పథకపు 2014 నాటి నియమాలు, 16 ఏండ్లు నిండిన తీవ్ర వైకల్యం గలవారికి మోటారు ట్రైసైకిలును చేర్చాయి. 1972లో కాన్పూరులో నెలకొన్న అలింకో సంస్థ వాటిని తయారు చేస్తున్నది.

మిత్రులారా, బ్రిటనులో ఆటబొమ్మగా నవ్వులపాలైన ఊహే ఇక్కడ ఒక మనిషిని ఇతరుల చేయూత లేకుండా బడికి, బ్యాంకుకు, అంగడికి చేరుస్తున్నది. దాని చరిత్రలో ఈ అధ్యాయాన్ని కూడా వ్రాసుకోవాలి.