రాధికాసాంత్వనము కళాశాల పాఠ్యముగా

స్త్రీపురుష సంబంధములను, వాని యందలి అధికారమును, కామమును విద్యార్థులకు పాఠముగా చెప్పుట నేటి కాలపు నూతన కల్పనమని తోపవచ్చును. 2015లో తెలుగు అకాడమి ఈ విషయముపై ప్రకటించిన ద్విభాషా పాఠ్యగ్రంథము హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమునకు చెందిన కళాశాలలలో పఠనీయ మయ్యెను. కాని తెలుగుశాఖలకు ఇది క్రొత్త విషయము కాదు. ప్రతాపరుద్రీయము చదివిన ప్రతి విద్యార్థియు స్వీయ, పరకీయ, సామాన్య యను విభాగమును, స్వాధీనపతిక మొదలుకొని అభిసారిక వరకు గల యెనిమిది యవస్థలను కంఠస్థము చేసినవాడే. మనుచరిత్రలోని వరూధినీ ప్రవరుల ఘట్టము చెప్పని ఉపాధ్యాయుడు అరుదు. కావున శృంగారమును బోధింపవచ్చునా యనుట మన యెదుట నున్న ప్రశ్న కాదు. ఎవరు చెప్పిన శృంగారము పాఠ్యమైనది, ఎవరు చెప్పినది కాకపోయినది యని విచారింపవలసి యున్నది. దీనికి ముద్దుపళని కావ్యచరిత్రమును మించిన నిదర్శనము నాకు కానరాదు.

ముద్దుపళని తంజావూరి మహారాష్ట్ర ప్రభువగు ప్రతాపసింహుని (1739-1763) ఆస్థానమునకు చెందిన గణిక. సంగీత సాహిత్యములు రెంటను ప్రవీణురాలు. ఆమె రచించిన రాధికాసాంత్వనము నాలుగాశ్వాసముల శృంగారప్రబంధము, పద్యసంఖ్య 584. కథ స్వల్పము. రాధ తాను పెంచిన ఇళను శ్రీకృష్ణునకిచ్చి వివాహము చేయును. నవోఢ యెట్లు మెలగవలెనో ఇళకును, ఆమెయెడ నెంత మృదువుగా నుండవలెనో కృష్ణునకును తానే చెప్పి పంపును. పంపిన పిదప ఆ యెడబాటును సహింపలేక కుములును. కడకు కృష్ణుడు వచ్చి ఆమెను సాంత్వనపరచును.

ఈ రాధను అష్టవిధనాయికలలో నెచ్చట నుంచవలెను? ఖండిత యందమన్న, నాయకుని రెండవదాని చెంతకు పంపినది తానే. కలహాంతరిత యందమన్న, తరిమివేసిన తరువాత పశ్చాత్తాపపడినది కాదు. పెంచిన తల్లి, ప్రియురాలు, సవతి, గురువు - ఈ నాలుగు సంబంధములు ఒక్క స్త్రీయందు కూడి పరస్పరము ఒరసికొనుటయే కావ్యమునకు ప్రాణము. శాస్త్రకారుల పట్టిక పురుషుని రాకపోకలనుబట్టి స్త్రీయవస్థలను లెక్కించినది. ముద్దుపళని స్త్రీకిని స్త్రీకిని గల సంబంధమును గూడ ఆ లెక్కలోనికి తెచ్చెను. తరగతిలో ఈ భేదమును పట్టి చూపిననాడు లక్షణగ్రంథము, లక్ష్యగ్రంథము రెండును విద్యార్థికి సజీవములగును.

అట్టి కావ్యమునకు పట్టిన గతి మిక్కిలి విచిత్రమైనది. పైడిపాటి వెంకటనరసు ప్రకటించిన ముద్రణ యొకటి 1887లో వెలువడెను. కందుకూరి వీరేశలింగము పంతులు ఆంధ్రకవుల చరిత్రమున ఈ కవయిత్రి పాండిత్యమును కొంత యంగీకరించుచునే, ఆమె వేశ్యయని చెప్పి, గ్రంథమునందలి కొన్ని భాగములు స్త్రీలు వినదగనివని నిందించెను. స్త్రీవిద్యకును, 1881లో రాజమహేంద్రవరమున వితంతువివాహమునకును పాటుపడిన మహనీయుడే ఇట్లు వ్రాయుట యెట్లు సంభవించెను? సంస్కర్తల కోరిక స్త్రీ చదువుకొన్న గృహిణి కావలెనని; వారి చిత్రములో కావ్యము వ్రాయు గణికకు చోటు లేదు. ఇది వారి కాలపు మేర. దానిని మనము గుర్తింపవలెనే గాని వారి సేవను తక్కువ చేయనవసరము లేదు.

బెంగుళూరు నాగరత్నమ్మ (1878-1952) ఆ పూర్వముద్రణ యందలి కొరతలను చూచి, ప్రతిని సంపాదించి పరిష్కరించి, 1910లో వావిళ్లవారిచే ప్రకటింపజేసెను. ఆమెయు గణికాకులజాతయే. ఆమె పీఠిక మన శాఖలలో ప్రత్యేకముగా బోధింపదగిన విమర్శనము. సిగ్గు స్త్రీలకు మాత్రమే విధింపబడినదా, పురుషులకు లేదా యని ఆమె యడిగెను. అంతతో విడువక, వైజయంతీవిలాసమును పెద్దలు పరిశీలించి యామోదించిరనియు, అది విద్యార్థులకు పాఠ్యమై యున్నదనియు ఎత్తిచూపెను. సారంగు తమ్మయ్య రచించిన ఆ కావ్యమునందు దేవదేవి యను వేశ్య విప్రనారాయణుని తపోభంగము చేయును. అనగా వేశ్య కావ్యవస్తువైనచో పాఠ్యము, కావ్యకర్త్రి యైనచో బహిష్కృతము! పాఠ్యనిర్ణయమును గురించి ఇంత సూటియైన ప్రశ్నను ఆ దినములలో వేసినది విశ్వవిద్యాలయమునకు వెలుపలి వ్యక్తి యగుట గమనింపదగినది.

ప్రశ్నకు సమాధానము రాలేదు. 1911లో పోలీసులు వచ్చిరి. ప్రతులు స్వాధీనము చేసికొనబడెను, గ్రంథము నిషిద్ధమయ్యెను. పండితులు చేసిన మనవులు ఫలింపలేదు. 1947లో టంగుటూరి ప్రకాశము పంతులు ప్రభుత్వము నిషేధమును తొలగించెను. 1952లో వావిళ్లవారు మరల ముద్రించిరి. ఆ యేటనే నాగరత్నమ్మ గతించెను. పిమ్మట 1991లో సూసీ తారు, కె. లలిత గార్లు ఆంగ్లమున సంకలించిన భారతీయ స్త్రీరచనల సంపుటము ఈ కథతోనే తన వాదము నారంభించుటచే, దూరదేశముల కళాశాలలలో ముద్దుపళని పేరు వినబడెను. మన తరగతులకంటె ముందుగా అచ్చట వినబడినదేమో యనిపించును.

అయితే బోధించునపుడు ఒక జాగ్రత్త యవసరము. ముద్దుపళనిని నేటి స్వేచ్ఛాభావమునకు ప్రతినిధిగా నిలుపుట తొందరపాటు. ఆమె విద్య, ధనము, గౌరవము అన్నియు ఒక రాజు కొలువునుండి వచ్చినవే. ఆ కొలువు ఆమెకు కవిత్వమిచ్చినట్లే కులవృత్తిని గూడ విధించినది. ఇళ యింకను బాలిక. రాధ యుపదేశము ఆ పిల్లయెడ దయతో కూడినదే యైనను, ఆమె యిష్టమును అడిగినవారెవరును లేరు. ఒక స్త్రీ కోరిక నింత నిర్భయముగా చెప్పిన కావ్యము మరియొక స్త్రీ యెడ మౌనము వహించిన తావు అది. తరగతిలోని విద్యార్థిని దీనిని అడిగినపుడు, అది ఆ కాలపు ఆచారమని చెప్పి పద్యము దాటిపోవుట ఉపాధ్యాయునకు సులభము. ఆ పద్యములవద్దనే ఆగి, రాధ మాటలలో ఇళ యెక్కడ వినబడును, ఎక్కడ వినబడదు అని పంక్తి పంక్తి పరిశీలింపజేయుటకు ఒక గంట చాలదు. రెండు గంటలైన కేటాయింపవలెను.