పత్రికల పక్షపాతం – చీపురుపల్లి చరిత్ర రచన

తెలుగు పత్రికలకు పక్షం వహించడం కొత్త కాదు. 1902లో మచిలీపట్నంలో వెలువడిన కృష్ణాపత్రిక, 1908లో బొంబాయిలో ఆరంభమైన ఆంధ్రపత్రిక జాతీయోద్యమ పక్షాన నిలిచాయి. ఆ పక్షం బహిరంగమైనది, పాఠకునికి తెలిసినది.

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ప్రారంభమైన ‘ఈనాడు’ ఉత్తరాంధ్రకు తెల్లవారేసరికే వార్తలు చేర్చింది. 1983 ఎన్నికలలో తెలుగుదేశానికి బాసటగా నిలిచింది. 2008 మార్చిలో వెలువడిన ‘సాక్షి’తో పత్రికా యాజమాన్యమూ రాజకీయ నాయకత్వమూ ఒకే కుటుంబంలో కలిశాయి.

చీపురుపల్లి శాసనసభ స్థానాన్ని 2014లో తెలుగుదేశం, 2019లో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్, 2024లో తిరిగి తెలుగుదేశం గెలుచుకున్నాయి. మూడుసార్లూ గెలిచిన పక్షమే రాష్ట్రంలోనూ అధికారం చేపట్టింది. అందువల్ల ఇక్కడి సాగునీరు, వలస వంటి సమస్యలు ఏ పత్రికలో ఎప్పుడు పతాక శీర్షికలయ్యాయి, ఎప్పుడు లోపలి పుటలకు జారాయి, ఎప్పుడు కనుమరుగయ్యాయి అన్నది పరిశీలించవలసిన అంశం. పక్షపాతం సంపాదకీయంలో కంటే వార్తల ఎంపికలోనే ఎక్కువగా దాగి ఉంటుంది.

ఒకే పత్రికను ఆధారం చేసుకున్న స్థానిక చరిత్ర ఆ పత్రిక పక్షాన్నే చరిత్రగా స్థిరపరుస్తుంది. కనుక పరిశోధకుడు ఒకే తేదీనాటి రెండు పత్రికలను సరిపోల్చి, ప్రభుత్వ రికార్డులతోనూ గ్రామస్థుల మౌఖిక కథనాలతోనూ పరీక్షించాలి. పక్షం ఉన్నంత మాత్రాన పత్రిక త్యాజ్యం కాదు. ఆ పక్షం కూడా చారిత్రక ఆధారమే.