కుంగిన నేల దాచిన బొగ్గు

భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు ఆనవాళ్ళు కనిపెట్టాడు. సింగరేణి బొగ్గు గనుల చరిత్రను సాధారణంగా అక్కడి నుంచే మొదలుపెడతారు. ఆ తర్వాత కొత్తగూడెం, మణుగూరు, రామగుండం, మందమర్రి, బెల్లంపల్లి ఒక్కొక్కటిగా గనుల ఊళ్ళయ్యాయి. ఇవన్నీ ప్రాణహిత, గోదావరి లోయ వెంట వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగే ఒకే పట్టీలో ఉన్నాయి. పట్టీ దాటితే రెండు వైపులా కనబడేవి అంతకన్నా ఎంతో పాత రాళ్ళు. నిజాం కాలపు ఒప్పందాలు, రైలు మార్గాలు తవ్వకం ఎప్పుడు జరగాలో తేల్చాయేమో గానీ, ఎక్కడ జరగాలో ముందే తేల్చినవి భ్రంశాలు, అంటే గని కార్మికులు ఫాల్ట్ అనే నేల పగుళ్ళు.

దాదాపు 30 కోట్ల ఏళ్ళ కిందట, గోండ్వానా మహాఖండంలో భాగంగా ఉన్న ఈ నేల సాగి పగిలింది. పగుళ్ళ వెంట నడిమి భాగం కిందికి జారింది. ఈశాన్యపు అంచున జారుడు ఎక్కువ కాబట్టి పొరలు చాలావరకు అటే వాలాయి. అందుకే నైరుతి అంచున రామగుండం వైపు బొగ్గు పైకి తేలింది. ఈశాన్యానికి పోయేకొద్దీ అది లోతుకు దిగి, దానిపై రాక్షసబల్లుల ఎముకలు దొరికే కోటా పొరల వంటివి పేరుకున్నాయి. అయితే పొరలు పేరుకుంటుండగానే నేల కుంగిందనడానికి అసలు సాక్ష్యం బొగ్గే. అది చిత్తడి అడవి మిగిల్చినది, చిత్తడి ఏర్పడేది నీటిమట్టం దగ్గరే. అలాంటి పొరలు ఏటి ఇసుకతో మార్చి మార్చి ఒకదానిపై ఒకటి పేరుకున్నాయంటే, నది తెచ్చి పోస్తున్నకొద్దీ నేల దిగుతూ వచ్చిందన్నమాట. మొదటే లోతైన గొయ్యి ఉంటే దాని అడుగున సరస్సు బురద చేరేది, అడవి పెరిగేది కాదు.

పేరుకున్న మట్టి బరువుకే నేల కుంగి ఉండవచ్చు కదా అనవచ్చు. బరువు కుంగుబాటును పెంచుతుంది, నిజమే. కానీ మట్టి వచ్చి నిలవడానికి ముందు పల్లం కావాలి. మరో వాదన గట్టిది: పొరలు మొదట విశాలంగా పరుచుకున్నాయి, భ్రంశాలు తర్వాత వచ్చి ఈ పట్టీని మాత్రం కోతకు అందకుండా దించాయి. గనుల్లో కొన్ని ఫాల్టులు బొగ్గు పొరనే తెంచాయి కాబట్టి అవి బొగ్గు తర్వాతివే. కానీ 100 కోట్ల ఏళ్ళు దాటిన పాఖాల రాళ్ళూ ఇదే లోయ వెంట, ఇదే దిశలో ఉన్నాయి. నేల బలహీనత ఇక్కడ బొగ్గు కన్నా పాతదని అవి చెబుతాయి. నిజానికి నేల పొరలతోపాటే కుంగిందన్న వాదనా, భ్రంశాలు తర్వాత వచ్చాయన్న వాదనా ఒకదాన్నొకటి కొట్టేయవు. గోండ్వానా అడవులు పట్టీ బయట కూడా పెరిగి ఉండవచ్చు. కుంగని నేల మీద అవి కుళ్ళిపోయాయి, లేదా కోతకు పోయాయి. బొగ్గు కావాలంటే అడవి పెరిగితే చాలదు, అది పూడిపోవాలి, పూడినది నిలవాలి. గోదావరి లోయలో ఆ రెండు పనులూ భ్రంశాలే చేశాయి.