జెండా అందుకునే చేతులు

జనవరి నెల. కాన్సస్‌లో పొద్దున తొమ్మిది దాటింది, ఎండ ఉంది గానీ వేడి లేదు. పెట్రోల్ బంకు పక్క ఖాళీ జాగాలో ముప్పై దాకా మోటార్‌సైకిళ్ళు. వెనక సీట్లకి బిగించిన కర్రల మీద జెండాలు గాలికి టపటపా కొట్టుకుంటున్నాయి. తోలు జాకెట్ల నిండా కుట్టించుకున్న బిళ్ళలు: వియత్నాం, ఇరాక్, అఫ్ఘానిస్తాన్. ఒకావిడ ఫ్లాస్కులోంచి కాఫీ వంచి మీ చేతికిస్తుంది. మీరెవరని అడగదు. మీరు కారులో వచ్చారు, సైన్యం ముఖం చూసినవారు కారు. అయినా పరవాలేదు. సైనికుల అంత్యక్రియలకి జెండాలతో వెళ్ళే పేట్రియట్ గార్డ్ రైడర్లలో చేరడానికి బండి ఉండి తీరాలని లేదు, యూనిఫాం వేసి ఉండాలనీ లేదు. పోయినవాళ్ళ మీద గౌరవం ఉంటే చాలు.

రైడ్ కెప్టెన్ అందర్నీ దగ్గరికి పిలుస్తాడు. ఇవాళ్టి మనిషి గురించి ఆయన దగ్గరున్నది రెండు ముక్కలే. ఆర్మీలో చేసి, వియత్నాం వెళ్ళి వచ్చాడు. చనిపోయాక అస్థికలు తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు.

"కాబట్టి ఆయన ఇంటివాళ్ళం మనమే," అంటాడు కెప్టెన్.

ఇంజన్లన్నీ ఒక్కసారే అందుకుంటాయి. ఆ మోత మీ పక్కటెముకల్లో తెలుస్తుంది. రెండేసి బండ్ల వరుసలు, మధ్యలో అస్థికల పెట్టె ఉన్న నల్లకారు, చివర్లో మీరు. ఎదురుగా వస్తున్న ట్రక్కు ఒకటి పక్కకి ఆగిపోతుంది. డ్రైవరు దిగి టోపీ తీసి గుండెలకి ఆనించుకుంటాడు. ఆయనకి మాత్రం లోపలున్నదెవరో ఏం తెలుసు?

లెవెన్‌వర్త్ జాతీయ శ్మశానవాటిక. గుట్టల మీద తెల్లరాళ్ళు బారులు తీరి ఉన్నాయి. దారికి రెండు వైపులా మనిషికో జెండాతో నిలబడతారు. కర్ర అడుగుని బూటుకి ఆనించి పట్టుకోవాలని మీ పక్కనున్న పెద్దాయన చూపిస్తాడు, లేకపోతే ఈ గాలికి ఆగదు. పది నిమిషాలకే వేళ్ళు మొద్దుబారతాయి.

కారు తలుపు తెరిచేలోగా ఆయన మెల్లగా మొదటి రోజుల సంగతి చెబుతాడు. 2005లో, ఈ రాష్ట్రంలోనే, మల్వేన్ ఊళ్ళో, మాజీ సైనికుల సంఘం అమెరికన్ లీజియన్ తాలూకు రైడర్లు మొదలుపెట్టిన పని ఇది. అప్పట్లో టొపీకాలోని వెస్ట్‌బరో బాప్టిస్ట్ చర్చివాళ్ళు ఇరాక్ నుంచి పెట్టెల్లో వచ్చిన కుర్రాళ్ళ అంత్యక్రియల దగ్గర చేరేవారు. దేశం స్వలింగ సంపర్కుల్ని సహిస్తోంది కాబట్టే దేవుడు సైనికుల్ని చంపుతున్నాడని అట్టల మీద రాసుకుని, ఆ చావులకి దేవుడికి కృతజ్ఞతలు చెప్పేవారు. కన్నతల్లి చూస్తుండగా!

రైడర్లు పెట్టుకున్న నియమాలు కొద్దివే. కుటుంబం రమ్మంటేనే వెళ్ళాలి. ఎదుటివాళ్ళకి ఒక్క మాట కూడా బదులివ్వకూడదు. వాళ్ళకి వీపు చూపించి, జెండాలు దగ్గర దగ్గరగా పట్టుకుని నిలబడాలి. అరుపులు మరీ పెరిగితే ఇంజన్లు రేజ్ చేసేవారు.

"యుద్ధంలో కన్నా అక్కడ నోరు మూసుకోవడమే కష్టమైంది, తమ్ముడూ," అంటాడాయన.

2006లో జాతీయ శ్మశానవాటికల గేటుకి 300 అడుగుల లోపు నిరసనలని ఆపే చట్టం వచ్చింది. 2011లో సుప్రీంకోర్టు, కొడుకుని పోగొట్టుకున్న ఒక తండ్రి వేసిన కేసులో 8-1 మెజారిటీతో చర్చి పక్షాన నిలిచింది, వాక్ స్వాతంత్ర్యం పేరు మీద. న్యాయశాస్త్రం లెక్కన అది సరైనదే కావచ్చు. ఆ తండ్రి ముఖం తలుచుకుంటే మాత్రం నాకు మనసొప్పదు. చట్టం దూరం కొలిచి గీత గీస్తుంది. ఆ అట్టలు తల్లి కంట పడకుండా ఆపింది ఈ గుడ్డలూ ఈ వీపులే.

ఇవాళ అరిచేవాళ్ళెవరూ లేరు. ఏడ్చేవాళ్ళూ లేరు. అరుపులకి అడ్డుగా పుట్టిన వరుస ఈ నిశ్శబ్దంలోనూ అలాగే నిలబడి ఉంది.

కెప్టెన్ పెట్టెని రెండు చేతులతో, నిండుకుండ మోసినట్టు, మండపంలోకి తీసుకెళ్తాడు. యూనిఫాంలో ఇద్దరు సైనికులు. అర్హత ఉన్న ప్రతి మాజీ సైనికుడికీ, అడిగితే, కనీసం ఇద్దరిని పంపాలని 2000 నుంచి చట్టం. ఒకరు బ్యూగిల్ పెదవులకి ఆనిస్తారు. వాయించగలిగేవాళ్ళు కరువై, చాలాచోట్ల ఆ గరాటులో చిన్న యంత్రం పెట్టి రికార్డు వినిపిస్తారు. రికార్డయినా సరే, ట్యాప్స్ అనే ఆ వీడ్కోలు రాగంలోని 24 స్వరాలూ అయ్యేదాకా మీకు ఊపిరి ఆడదు.

తరవాత జెండా మడత. అయిదడుగుల వెడల్పు, తొమ్మిదిన్నర అడుగుల పొడవు ఉన్న గుడ్డ, 13 మడతల్లో మూడు మూలల పొట్లమవుతుంది. ఎరుపు లోపలికి పోయి నీలం, నక్షత్రాలే పైకి మిగులుతాయి. సైనికుడు దాన్ని పట్టుకుని ముందు వరుసకి తిరుగుతాడు. భార్యో, తల్లో కూర్చోవలసిన కుర్చీ అది. పొద్దున మీకు కాఫీ ఇచ్చినావిడ అందులో కూర్చుని ఉంది. అతను మోకాలి మీద వంగి, దేశాధ్యక్షుడి తరఫున, దేశం తరఫున, ఏ తల్లికైనా చెప్పే మాటలే ఒక్కటీ తగ్గించకుండా ఆవిడకి చెబుతాడు. ఆవిడ గడ్డం వణుకుతుంది.

జెండాని ఆవిడ ఒళ్ళో ఉంచుకోదు. కాసేపు గుండెలకి అదుముకుని పక్కవాళ్ళకి అందిస్తుంది. చేతి నుంచి చేతికి, ఎవరూ తొందరపెట్టకుండా, వరుస వెంట వస్తోంది. ఒకాయన కళ్ళు మూసుకుంటాడు. ఇంకొకాయన ఏదో పేరు గొణుగుతాడు, ఇవాళ్టి మనిషి పేరు కాదు.

పెద్దాయన మీ వైపు తిరుగుతాడు. చేతి తొడుగులు తీసేస్తారు మీరు. అనుకున్నదానికన్నా బరువుగా, ఇన్ని అరచేతులు తగిలి కాస్త వెచ్చగా ఉంది.