బెంగళూరు ప్యాలెస్, మా అవ్వ చెప్పిన ధాత కరువు

మొన్న ఆదివారం మనవణ్ణి వెంటబెట్టుకొని బెంగళూరు ప్యాలెస్ చూసొచ్చాను. ఇన్నేళ్లుగా దాని పక్కనుంచే బస్సులో పోతున్నా లోపల అడుగుపెట్టింది ఇదే మొదలు. మనలో చాలామందిది ఇదే కథ అనుకుంటాను.

చూస్తే మన వైపు కోటలా ఉండదు. ఇంగ్లండు విండ్సర్ కోటను తలపించే ట్యూడర్ బాణీ కట్టడం. బురుజులు, గోడలమీద పాకిన తీగలు, మేడమీద దర్బారు హాలు. ఆ హాల్లో గోథిక్ కిటికీల రంగు అద్దాలగుండా వెలుగు పడుతుంటే మావాడు నోరు తెరుచుకొని నిలబడిపోయాడు. రవివర్మ చిత్రాలు, వేటలో కొట్టిన ఏనుగు తల, పాత ఫొటోలు అన్నీ చూశాం. 2005 నుంచి టికెట్టు కొని ఎవరైనా చూడొచ్చు.

"తాతా, ఇది కట్టించిన రాజెవరు?" అని అడిగాడు.

జవాబు అంత సులువు కాదు. ఈ ఆస్తి ముందు సెంట్రల్ హైస్కూలు మొదటి ప్రిన్సిపాల్ గారెట్ దొరది. 1873లో దీన్ని చామరాజేంద్ర ఒడెయర్ పేరిట కొన్నారు. అప్పటికి రాజుగారి వయసు 10 ఏళ్లు. రాజ్యం ఇంగ్లీషు కమిషనరు చేతిలో, పిల్లవాడు సంరక్షకుల చేతిలో. 1874లో పని మొదలుపెట్టి 1878కి ముగించారు.

ఆ సంవత్సరాలు వినగానే మా అవ్వ గుర్తొచ్చింది. ఆమెది కోలారు వైపు పల్లె. కంచంలో మెతుకు వదిలితే "ధాత కరువులో పుట్టుంటే తెలిసేది నీకు" అనేది. వాళ్లమ్మ దగ్గర విన్న మాట అది. ధాత అంటే 1876–77, దాని వెనకే ఈశ్వర. వానలు తప్పి మైసూరు రాజ్యం, రాయలసీమ, తమిళ జిల్లాలు అన్నీ ఎండిపోయిన కాలం. జనాభా లెక్కలు చూడండి. మైసూరు రాజ్యంలో 1871లో 50 లక్షల 55 వేల మంది. 1881లో 41 లక్షల 86 వేలు. పదేళ్లలో పెరగాల్సిన జనం 8 లక్షల 69 వేలు తగ్గారు.

అంటే ఇక్కడ బురుజులు లేస్తున్న రోజుల్లోనే అక్కడ ఊళ్లు ఖాళీ అయ్యాయి. రైళ్లలో గింజలు రాలేదని కాదు, కొనేందుకు కూలివాడి చేతిలో డబ్బు లేదు. సర్కారు కరువు పనులు పెట్టింది. బెంగళూరు–మైసూరు రైలుదారి మట్టిపని అలా మొదలైందే. ఆ దారిలో పోయే మనకు ఆ సంగతి ఎవరూ చెప్పరు.

పిల్లవాడైన రాజుమీద నింద వేయడం నా ఉద్దేశం కాదు. 1881లో రాజ్యం ఆయన చేతికొచ్చింది. ఆ ఏడే దివాను రంగాచార్లు హయాంలో ప్రజాప్రతినిధి సభ మొదలైంది. అదీ ఈ చరిత్రలో భాగమే. ప్యాలెస్ అందమైనదే, తప్పక చూడండి. రాళ్లు చెక్కినవాళ్ల పనితనానికి దండం పెట్టాలి. వాళ్లలో ఒక్కరి పేరు కూడా నాకక్కడ కనబడలేదు.

మనవడికి ఇదంతా చెప్పేసరికి బయట పచ్చికమీద కూర్చున్నాం. కాసేపు ఊరుకొని, "మరి అవ్వ వాళ్లమ్మ ఏం తిని బతికింది?" అన్నాడు. నాదగ్గర జవాబు లేదు. అవ్వ ఉన్నప్పుడు నేనెప్పుడూ అడగలేదు.

అందుకే ఈ మనవి. కోలారు, బళ్లారి, సేలం, హోసూరు వైపు నుంచి వచ్చిన కుటుంబాలు మన సంఘంలో చాలా ఉన్నాయి. రాజుగారి కుర్చీని భద్రపరచడానికి ప్యాలెస్ ఉంది. మన ముత్తవ్వల మాటకు మనం తప్ప ఇంకెవరూ లేరు. మీ ఇంటి పెద్దలు ధాత కరువు గురించి ఏమైనా చెప్పి ఉంటే, ఒక్క ముక్కైనా సరే, ఈ వారంలోనే అడిగి రాసిపెట్టండి.